తల్లి నోటి మాట

“లే కొమురా, గడికి పోవుడు తప్పదు గదనే” అంది అత్త పెంటమ్మ, మంచం దిగకుండానే.

కొమురమ్మ లేచి అప్పటికే చాలాసేపయింది. దొడ్లో పెంట ఎత్తింది. తల్లి దగ్గరికి రానివ్వని గొర్రెపిల్లను ఇంకో ఈనిన గొర్రె పొదుగు కింద పెట్టి, ఆ గొర్రె తన్నకుండా కాళ్ళు పట్టుకుని పాలు తాగించింది. ఇప్పుడు పొయ్యి ముందు కూర్చుని జొన్న గట్క కలియబెడుతోంది. కుండలో తెడ్డు తిరుగుతున్న చప్పుడు అత్తకు వినిపిస్తూనే ఉంది. అయినా పొద్దున్నే ఆ మాట అనాలి. అంటే అత్త పని తీరినట్టు, పనంతా ఇక కోడలిదైనట్టు.

కాపురానికి వచ్చిన నాటి నుంచి ఈ ఇంట్లో కొమురమ్మ ఎక్కువసార్లు విన్న మాట ఆ ‘తప్పదు’. మొదట్లో ఆమె ఆ మాటను వానలాంటిదనుకుంది. వస్తే అందరి మీదా కురుస్తుందనుకుంది. పోను పోను చూస్తే దానికి మనుషుల ఎంపిక ఉంది. గడిలో ఉండే దొర పటేల్‌తో అంటాడు, పటేల్ సైదులుతో అంటాడు, సైదులు ఇంటికొచ్చి భుజం మీది గొంగడి విసిరి పెళ్ళాంతో అంటాడు: “దొర బిడ్డ లగ్గమట. రెండు పొట్టేండ్లు, కడివెడు నెయ్యి ఇయ్యక తప్పదే.” నెయ్యి గడికి పోయాక ఇంట్లో చల్ల కూడా పలచబడుతుంది. ఆ పలచటి చల్ల ఎవరి ముంతలోకి వస్తుందో చెప్పనక్కర్లేదు. నీల కడుపులో ఉన్నప్పుడు ఒకసారి కళ్ళు తిరిగి, బావి దగ్గరి నుంచి ఒక్క కడవ తెచ్చిపెట్టమని మొగుణ్ణి అడిగింది. “మొగోన్ని కడవ మొయ్యమంటవానే, ఊరోల్లు నవ్వరా?” అని అతనే నవ్వేసి పోయాడు. అంటే అది తప్పించుకోవచ్చన్నమాట. పురుటి మంచం మీద ఉండగానే గడి నుంచి వడ్లు దంచడానికి పిలుపొచ్చింది. బాలింతనని అత్త చేత చెప్పించబోతే, “గడి పని, తప్పదు గదనే” అని ఆ అత్తే రోకలి చేతికిచ్చి పంపింది. దంచుతుంటే ఇంటి దగ్గర పిల్ల ఏడ్చే వేళకు ఇక్కడ రవిక తడిసిపోయేది. వడ్ల మీద పాల చుక్కలు పడితే దొరసాని చూసి తిడుతుందని ఓ పక్కకు వంగి దంచేది. ఏది తప్పుతుందో ఏది తప్పదో దేవుడు రాసిపెట్టలేదని, ఎవరి నడుము దగ్గరగా కనిపిస్తే ఆ నడుముకు దాన్ని కట్టి పోతారని ఆమెకు అప్పుడే అనుమానం వచ్చింది. అనుమానాన్ని మింగేసింది. పని ఉంది మరి.

గట్క దించి, కూతుర్ని లేపకుండానే గడికి బయలుదేరింది.

వైశాఖం ఎండ పొద్దున్నే మొదలైంది. హైదరాబాదులో నిజాం ఇంకా గద్దె మీదే ఉన్నాడు గాని, కోదాడ దాటి పోతే అవతల నిరుడే వేరే జెండా ఎగిరిందని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. హుజూర్‌నగర్ వైపు రెండు మూడు ఊళ్ళలో సంఘం వాళ్ళు వచ్చి వెట్టి బందు చేయించారట. మిర్యాలగూడ వైపు రజాకార్లు వచ్చి ఇళ్ళు తగలబెట్టారట. ఈ ఊళ్ళో మాత్రం ఏదీ జరగలేదు. గడి తలుపు పొద్దున తెరుచుకుంటూనే ఉంది, ఆడవాళ్ళు తలవంచుకుని లోపలికి పోతూనే ఉన్నారు.

గడి వెనక పెరట్లో పెండ్లి పసుపు దంచుతున్నారు. కొమురమ్మకు ఎదురు రోకలి రుక్కమ్మది. రుక్కమ్మకు తల నెరిసింది. ఎప్పుడో ఈ దొరసాని కొత్త పెండ్లికూతురుగా తిరుమలగిరి అవతలి నుంచి వచ్చినప్పుడు, పెట్టెలు, బిందెలు, పాడి ఆవుతో పాటు ఈమెను కూడా బండెక్కించి పంపారు. అలా వచ్చిన పిల్లను ఆడబాప అంటారు. దొరసాని కాళ్ళు పిసకాలి, పడక సర్దాలి, గడి గోడల మధ్యే ముసలిదైపోవాలి. పెండ్లి ఉండదు. రుక్కమ్మ ఇద్దరు బిడ్డల్ని కన్నది. ఆ బిడ్డల తండ్రెవరని ఊళ్ళో ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు కాబట్టి.

ఎండ పెరటి గోడ మీదికి ఎక్కే వేళకు దొరసాని వచ్చింది. రోకళ్ళు ఆగాయి.

“కొమురమ్మా, నీ బిడ్డ పేరేందే?”

“నీల, దొరసానీ.”

“మా పెండ్లిపిల్ల వెంట నీ పిల్లనే అనుకున్నం. నిన్న జవానుతోని రైకగుడ్డ పంపితిమి, మీ అత్త కొంగు పట్టి తీసుకున్నది. ఇగ ఖాయం. ఒక్క ముచ్చట యాదిపెట్టుకో. మా గడిల వాడుక, తల్లే వచ్చి పిల్ల చెయ్యి పెండ్లిపిల్ల చేతుల పెట్టాలె. ‘ఇగ నీ పిల్లే’ అనాలె. ఆడబాప ఏడ్సుకుంట బండెక్కితే మా బిడ్డకు అరిష్టం. అందుకని నువ్వే మంచిగ నచ్చజెప్పి తోలుకరా.”

ఆమె గొంతులో కోపం లేదు. గుమ్మడికాయ ఏ పొలం నుంచి తెప్పించాలో చెప్పినంత మామూలుగా చెప్పి, కొంగుతో ముఖం విసురుకుంటూ లోపలికి పోయింది. కొమురమ్మ రోకలి ఎత్తింది. ఎత్తిన రోకలి ఎక్కడ వెయ్యాలో తెలియక కాసేపు పైనే పట్టుకుంది. నిన్నంతా అత్త తనతో మామూలుగా మాట్లాడింది. కూర బాగుందని కూడా అంది. ఆ మెచ్చుకోలు ఎందుకో ఇప్పుడు తెలిసింది.

ఇంటికొచ్చేసరికి సైదులు అరుగు మీద తాడు పేనుతున్నాడు. పెంటమ్మ గడప లోపల కూర్చుని ఉంది. ఇద్దరికీ తెలుసని వాళ్ళు ఆమె వైపు చూడకపోవడంలోనే తెలిసిపోయింది.

“గుడ్డ తీస్కున్నవా అత్తా?”

“తీస్కోకుంటే జవాను ఊకుంటడా? గడి గుడ్డ ఎనకకు పంపినోల్లు ఈ ఊళ్ళె ఉన్నరా?”

“నన్నడగకుంటనా?”

“నిన్నడిగితె ఏమంటవ్?” పెంటమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. “అడిగినా గదే, అడగకున్నా గదే.”

సైదులు తాడు వదల్లేదు. “సూడు కొమురా, నాకు మాత్రం పానం ఒప్పుతదా? ఒక్కతే బిడ్డ. ఏం జేద్దాం, తప్పదు. గడిల ఉంటె బియ్యపన్నం దొరుకుతది, పండుగకో చీర. ఈడుంటె ఏమున్నది, గొర్ల పెంట ఎత్తుడే గదా.”

“అంత మంచి బతుకైతె దొర తన బిడ్డకే ఇంకో బిడ్డను తోడు పంపరాదు?”

“నోరు తగ్గించు.”

“హుజూర్‌నగర్ దిక్కు వెట్టి బందైందట గదా. సంఘపోల్లకు జెప్పరాదా?”

“సంఘపోల్లు ఒక్కనాడొచ్చి పోతరు. దొర దినాం ఉంటడు.” ఆ మాట అన్నాక తానే దానికి భయపడ్డవాడిలా వీధి వైపు చూసి గొంతు తగ్గించాడు. “పిల్లకు నువ్వే జెప్పాలె. నేను జెప్పిన, మా అమ్మ జెప్పింది. ఇంటలేదు. నువ్వు జెప్తెనే ఇంటది.”

నీల దొడ్డి గోడ మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని ఉంది. పదకొండేళ్ళ పిల్ల. ఒళ్ళో తల్లి రానివ్వని ఆ గొర్రెపిల్ల. ఆమె అన్నీ వింటోంది. నాయనమ్మ రెండోసారి చెప్పబోతే మాత్రం తల ఊపేసింది. “మా అమ్మ జెప్పలే గదా” అంది. అంతే. ఏడుపు లేదు, అలక లేదు. గోడ మీది నుంచి తల్లి వైపు చూసింది. కొమురమ్మ ఆ చూపు తట్టుకోలేక పొయ్యి దగ్గరికి పోయి, ఆరిపోయిన పొయ్యిని ఊదింది.

ఆ రోజు నుంచి ఇంట్లో అందరూ కొమురమ్మ నోటి కోసం కాపలా కాశారు. అన్నం పెట్టించుకుంటూ సైదులు అడిగాడు: “జెప్పినవా?” నీళ్ళకు పోతుంటే వాకిట్లో పెంటమ్మ అడిగింది: “జెప్పినవానే?” పటేల్ పెళ్ళాం బావి దగ్గర పని గట్టుకుని పలకరించింది: “నీ బిడ్డ అదృష్టం కొమురమ్మా, మంచిగ జెప్పి తోలు.” ఒక రోజు సైదులు చేతిలో ఉన్న గొర్రెల కర్ర ఎత్తాడు కూడా. ఎత్తి, కొట్టకుండా, “ఒక్క మాట గాదే! నీ నోట్లె ముత్యాలు రాల్తయా?” అని అరిచాడు. చిత్రంగా, ఆ కర్ర కింద నిలబడ్డప్పుడే ఆమెకు మొదటిసారి భయం తగ్గింది. ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో ఆమెను ఎవరూ ఏదీ అడగలేదు. అత్త గుడ్డ తీసుకునేటప్పుడు అడగలేదు. పొట్టేళ్ళు తోలేటప్పుడు అడగలేదు. అసలు ఈ పెండ్లి చేసుకుంటావా అని మాడుగులపల్లిలో ఆమె సొంత తండ్రే అడగలేదు. ఇప్పుడు గడి నుంచి గొర్రెల దొడ్డి దాకా అందరూ ఆమె ఒక్క మాట కోసం చేతులు చాచి నిలబడ్డారు. అడక్కుండా తీసుకునే అలవాటున్న వాళ్ళు అడుగుతున్నారంటే, అది లేకుండా వాళ్ళకు పని జరగదన్నమాట.

పెండ్లికి ముందు రోజు దంచిన పసుపు జల్లెడ పడుతూ రుక్కమ్మను అడిగింది. “అక్కా, నిన్ను తోలేటప్పుడు ఏడ్సినవా?”

రుక్కమ్మ జల్లెడ ఆపలేదు. “ఏడ్వలే. మా అమ్మ ఏడ్వద్దని జెప్పింది గద.”

“ఏమని జెప్పింది?”

“ఏమంటది, అందరన్నదే. తప్పదు బిడ్డా అన్నది.” జల్లెడలో మిగిలిన పలుకులు పక్కకు పోసింది. “నీకో ముచ్చట జెప్త, నవ్వద్దు. దొర తోలిండని నాకు దొర మీద అంత కోపం లేకుండె. దొరలు గంతే. మా నాయిన మీద లేకుండె, ఆయన ఏనాడు నోరు తెరిసిండు గనుక. అందరు వచ్చి జెప్తుంటె నేను నమ్మలే. లోపల్లోపల అనుకున్న, ఈల్లందరు ఉత్తగనే అంటున్నరు, మా అమ్మ రానీ, చీపురు తిరగేస్తది అని. అమ్మ వచ్చి నా తల దువ్వుకుంట ఆ మాట అన్నది. అప్పుడు నమ్మిన. గా దినమే ఇగ అయిపోయిందనుకున్న. మల్ల ఏం జేసినా నాకు వద్దు అనాలని తోచలే కొమురా. ఈ గడిల నాకు ఏమేం జరిగినయో, ఒక్కదానికి గూడ అడ్డం చెయ్యి పెట్టలే. తప్పదని మా అమ్మనే జెప్పింది గదా.”

“మీ అమ్మ ఏం జేస్తది అక్కా, ఆమె చేతుల ఏమున్నది?”

“ఏం లేదు. నాకెరుకనే. ఎట్లయినా తోలేటోల్లే. గాని వద్దని అనొచ్చు గదనే. గుంజుకపోతె గుంజుకపోదురు. గుంజుకపోయిండ్రని నాకు తెలుస్తుండె. మా అమ్మనే ఇచ్చిందనుకోకపోదును.” రుక్కమ్మ పసుపు చేతులు ఝాడించి లేచింది. “సచ్చిపోయిందట మా అమ్మ. కబురొచ్చింది. కంట్లె నీల్లు రాలే.”

ఆ మధ్యాహ్నం కొమురమ్మ నేరుగా ఇంటికి పోలేకపోయింది. ఎండలో దొడ్డి పక్క కూర్చుంది. పారిపోదామనుకుంది మొదట. కోదాడ దాటితే చాలంటారు. కాని ఎండాకాలంలో పిల్లను వెంటబెట్టుకుని ఒంటరి ఆడది ఎంత దూరం పోగలదు? సాయంత్రానికి పట్టుకొస్తారు, దొంగను పట్టుకొచ్చినట్టు. తల్లి చేసిన దొంగతనానికి పిల్లను ఇచ్చెయ్యడమే జరిమానా అవుతుంది. ఇంట్లో కూర్చుని రానంటే? సైదులు కూతుర్ని ఎత్తుకుపోయి అప్పజెప్పి, పెళ్ళానికి జ్వరమని చెప్తాడు. అందరూ తలూపుతారు. అలా కాదు. తన నోటి కోసమే అంత వాడుక పెట్టుకున్నారు కదా, ఆ నోరు ఆ వాడుక దగ్గరికే పోవాలి. చుట్టాలందరూ ఉన్నచోట, అరిష్టమని గొంతెత్తి అరవడానికి వాళ్ళు భయపడే వేళ. ఆ తర్వాత ఏమవుతుందని ఊహించడానికి ప్రయత్నించింది. ఇల్లు కాలుతుందా, గొర్రెలను తోలుకుపోతారా, తనను కొడతారా, చంపుతారా? ఏదీ కచ్చితంగా కనిపించలేదు. కూతురు బండెక్కితే ఏమవుతుందో మాత్రం అణువణువూ కనిపిస్తోంది. నెరిసిన తలతో పసుపు జల్లిస్తూ ఎదురుగానే కూర్చుంది గదా అది.

పెండ్లి అయింది. మరునాడు పొద్దున అప్పగింతలు.

కొమురమ్మ నీలకు తలంటి, కొత్త రవిక తొడిగింది. పెంటమ్మ చూసి నిట్టూర్చింది. “బుద్ధొచ్చింది తల్లికి” అని కొడుకుతో అంది, వినపడేటట్టే. సైదులు అప్పగింతల విందుకు పొట్టేళ్ళను తోలుకుని ముందే పోయాడు. తొవ్వలో నీల అడిగింది.

“అమ్మా, నేను పోవాల్నా?”

ఇక్కడ జవాబు చెప్తే పిల్ల ముఖం వెలుగుతుంది, ఆ వెలుగు చూసి గడి గుమ్మంలోనే కనిపెడతారు. “నా చెయ్యి ఇడ్వకు” అంది. ఇంకేమీ అనలేదు. నీల చెయ్యి తన చేతిలో చెమటతో జారుతోంది. పిల్ల గట్టిగా పట్టుకుందా, తానే పట్టుకుందా తెలియనంతగా పట్టుకున్నారు.

గడి లోపలి వాకిట్లో పెండ్లికూతురు నిలబడి ఉంది. నీల కన్నా నాలుగైదేళ్ళు పెద్దది, అంతే. మెడ నిండా బంగారం, కళ్ళు వాచిపోయి ఉన్నాయి. దొరసాని కూతురి గడ్డం పట్టుకుని మెల్లగా అంటోంది: “ఏడ్వకు తల్లీ, ఆడపిల్లవు, తప్పదు గద.” కొమురమ్మ ఆ మాట విని ఆగిపోయింది. ఈ మాటకు ఇంత బంగారం కూడా తొడుగుతారా! గడపకు ఇటూ అటూ, గొంగడి ఉన్న ఇంట్లోనూ పట్టుచీర ఉన్న ఇంట్లోనూ, తల్లుల నోటి నుంచే నడిపిస్తున్నారు దీన్ని.

“రావే కొమురమ్మా,” దొరసాని పిలిచింది. “ఆలస్యమైతాంది. సూర్యాపేట దాటాలె పొద్దుండంగనే, తొవ్వ మంచిగ లేదు. పెట్టు, పిల్ల చెయ్యి చేతుల పెట్టు.”

పెండ్లికూతురు చెయ్యి చాచింది. గోరింట పండిన చెయ్యి. ముత్తైదువలు చుట్టూ మూగారు. ముందు వాకిట్లో సన్నాయి మోగుతోంది.

“పెట్టను దొరసానీ” అంది కొమురమ్మ.

దొరసానికి అర్థం కాలేదు. “ఏందే?”

“నా బిడ్డను ఇయ్యను. నేను ఇయ్యనని నా బిడ్డ ఇనాలె. అందుకే తోలుకొచ్చిన.” కూతురి వైపు తిరిగింది. “బిడ్డా, నువ్వు పోవద్దు. ఎవ్వరన్నా నిన్ను గుంజుకపోతె, మా అమ్మ ఇయ్యలేదని యాదుంచుకో.”

ముత్తైదువల్లో ఒకామె చేతిలోని హారతి పళ్ళెం పక్కకు వాలింది. రుక్కమ్మ స్తంభం పక్కన నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జవాను అడుగు ముందుకేశాడు. దొరసాని చెయ్యెత్తి ఆపింది. మగపెండ్లివాళ్ళు చూస్తున్నారు. అప్పగింతల వేళ వాకిట్లో పెనుగులాట, పిల్ల కేక, అంతకన్నా అరిష్టం ఉండదు. ఆమె దగ్గరికి వచ్చి పళ్ళ మధ్య నుంచి అంది:

“ఏమైతదో ఎరుకేనా నీకు?”

కొమురమ్మ ఆలోచించింది. బెదిరింపుకు జవాబు వెతకడానికి కాదు, నిజంగానే ఆలోచించింది. ఇన్నేళ్ళు ఏమవుతుందో ఆమెకు ఎప్పుడూ తెలుసు. అదే అవుతూ వచ్చింది.

“ఎరుక లేదు దొరసానీ,” అంది. “మీకు ఎరుకేనా?”

దొరసాని నోరు తెరిచింది. చూపు మాత్రం కొమురమ్మను దాటి వెనక్కి పోయింది. ముందు వాకిట్లో, పెండ్లి బండి వెనక ఇంకో రెండు బండ్లు నిలబడి ఉన్నాయి. వాటి మీద కట్నం సామాను లేదు. తాళ్ళు బిగించిన ఇనప్పెట్టెలు, మడిచిన జంఖానాలు, చుట్టిన పరుపులు. సంఘం భయంతో గడి సొత్తును సూర్యాపేట మీదుగా హైదరాబాదుకు తరలిస్తున్నారని ఆ వాకిట్లో గడివాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా ఇప్పుడు అందరూ అటే చూశారు. జవాను దొర కోసం చూశాడు, దొర వియ్యంకుడి వైపు చూశాడు, వియ్యంకుడు పొద్దు ఎంత ఎక్కిందో చూశాడు.

కొమురమ్మ వెనక్కి తిరిగింది. వాకిలి దాటడం ఇంత పొడుగని ఆమెకు ఎన్నడూ తెలియలేదు. వీపు మీద ఎప్పుడు దెబ్బ పడుతుందా అని వీపంతా చెవులు చేసుకుని నడిచింది. పడలేదు. ఇంకా పడలేదు.

గడి గుమ్మంలో సైదులు అడ్డంగా నిలబడి ఉన్నాడు. లోపల జరిగింది విన్నాడు. ముఖం పాలిపోయింది. రెండు చేతులూ గొర్రెలను ఆపేటట్టు చాచి, “ఎనకకు నడువుండ్రి,” అన్నాడు. “నడువుండ్రి, మన కొంప ముంచకుండ్రి.”

కొమురమ్మ ఏదో అనబోయింది. అంతకు ముందే నీల తల్లి చెయ్యి వదలకుండానే ఒక అడుగు ముందుకు వచ్చింది. గొంతు పెద్దగా లేదు, వణకలేదు కూడా.

“నాయినా, జర తొవ్వ ఇడువు” అంది.

సైదులు కూతురి ముఖం చూశాడు. చాచిన చేతులు మెల్లగా దించి, పక్కకు జరిగాడు.